ర్యాంకులు సరే, లోపల ఏం రీసెర్చ్ జరుగుతోందో కూడా రాయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్ నేను కాలేజీ రోజుల నుంచీ చదువుతున్నానండి, రిటైర్ అయ్యాక అయితే మొదటి పేజీ నుంచి టెండర్ నోటీసుల దాకా వదలట్లేదు, ఆ చనువుతోనే అడుగుతున్నా, ఏమనుకోకండి. యూనివర్సిటీ అనగానే మీ పేజీల్లో కనపడేది ర్యాంకు ఎంతొచ్చింది, ఎవరికి ఎన్ని లక్షల ప్యాకేజీ వచ్చింది, హాస్టల్ మెస్సులో కూర బాలేదని ధర్నా, వీసీ చాంబర్ ముందు బైఠాయింపు. ఇవి వార్తలు కావని అనను. కానీ అన్ని డిపార్ట్‌మెంట్లలో అంతమంది స్కాలర్లు నాలుగైదేళ్ళు కూర్చుని అసలు ఏం కనుక్కుంటున్నారో ఒక్క ముక్క ఎక్కడా రాదు, వచ్చినా "ఫలానా వారికి డాక్టరేట్" అని పాస్‌పోర్ట్ సైజు ఫొటో, గైడు పేరు, తల్లిదండ్రుల హర్షం, అంతే. ఆయన ఏం తేల్చాడో మాత్రం ఉండదు.

దీనివల్ల ఏమవుతోందంటే జనంలో ఒక అభిప్రాయం పడిపోయింది. సైన్స్ రీసెర్చ్ అంటే రాకెట్లు, మందులు కాబట్టి ఓకే, తెలుగు, చరిత్ర, భాషాశాస్త్రం, ఫిలాసఫీలో పీహెచ్‌డీలు చేసి ఎవర్ని ఉద్ధరిస్తారు, మన టాక్స్ డబ్బు దండగ, అవన్నీ మూసేసి ఆ డబ్బు ఏఐకి పెట్టొచ్చుగా అని. మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నెలకోసారైనా ఇది తిరుగుతుంది. నేను కెమిస్ట్రీ చెప్పినవాణ్ణి, ఆర్ట్స్ వాళ్ళ తరఫున మాట్లాడాల్సిన అవసరం నాకేం లేదు, అయినా ఈ మాట తప్పని చెప్పడానికే ఈ లెటర్.

మన ఆంధ్రా యూనివర్సిటీనే తీసుకోండి. 1926లో పెట్టారు, అంటే 2026తో వందేళ్ళు. 1930ల్లో అక్కడ కెమిస్ట్రీలో టి.ఆర్. శేషాద్రి గారు ఉండేవారు, తర్వాత లండన్‌లోని పేరున్న సైన్స్ సంస్థ రాయల్ సొసైటీకి ఫెలో అయ్యారు. ఆయనా ఆయన శిష్యులూ వాల్తేరులో కూర్చుని ఏం చేశారో తెలుసా, పత్తి పువ్వుల్లో, గోగు పువ్వుల్లో ఉండే రంగు ఏమిటి, ఏ పదార్థం వల్ల వస్తుంది, దాని నిర్మాణం ఏమిటి అని విడదీసి చూశారు. బస్తాల కొద్దీ పువ్వులు ఎండబెట్టి, ఆల్కహాల్‌లో ఉడికించి, ఆ రసం నుంచి పసుపు స్ఫటికాలు రాబట్టి పేపర్లు రాశారు. ఆ రోజుల్లో వాట్సాప్ ఉంటే "గోంగూర పువ్వు మీద రీసెర్చా, ప్రజాధనం దుబారా" అని కచ్చితంగా ఒక ఫార్వర్డ్ వచ్చి ఉండేది. ఆ పదార్థాల్ని ఫ్లేవనాయిడ్లు అంటారు, ఇవాళ గ్రీన్ టీ ప్యాకెట్ మీద దగ్గర్నుంచి ఆరోగ్యం పేజీల దాకా ఆ పేరు కనపడుతూనే ఉంది.

అదే యూనివర్సిటీలో మ్యాథ్స్ ఎమ్మే చేసిన కుర్రాడు సి.ఆర్. రావు. తర్వాత కలకత్తా వెళ్ళి స్టాటిస్టిక్స్‌లోకి వచ్చారు, 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు మీరూ మొదటి పేజీలో వేశారు, సంతోషం. కానీ 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్ళింది దేనికో ఎవరూ పెద్దగా రాయలేదు. అక్కడి ఆర్కియాలజీ, ఆంత్రోపాలజీ మ్యూజియంలో సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వితే దొరికిన పాత అస్థిపంజరాలు ఉన్నాయి, వాటి కొలతలు చూసి ఆ మనుషులు ఎవరికి దగ్గరివాళ్ళో తేల్చాలి, ఆ పనికి వెళ్ళారు. అంటే పుర్రె పొడవెంత వెడల్పెంత అని కొలిచిన అంకెలు, వాటిలోంచి చరిత్ర తీయడం. పగలు ఆ లెక్కలు, మరోపక్క స్టాటిస్టిక్స్‌లో పెద్దాయన రొనాల్డ్ ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ, 1948లో డిగ్రీ. ఇప్పుడు చెప్పండి, ఇది మ్యాథ్సా, బయాలజీయా, హిస్టరీయా? ఏ డిపార్ట్‌మెంట్ మూసేసి ఏది ఉంచుదాం?

హైదరాబాద్ సంగతికొస్తే ఇంకా చిత్రం. ఉస్మానియా 1918లో పెట్టారు, మరుసటేడు నక్షత్రాల్ని పరిశీలించే నిజామియా అబ్జర్వేటరీ దాని కిందికి వచ్చింది. ఆకాశం మొత్తాన్ని దేశాలు వాటాలు వేసుకుని ఫొటోలు తీసి నక్షత్రాల కేటలాగు చేద్దామని అప్పట్లో పెద్ద అంతర్జాతీయ ప్రాజెక్టు నడుస్తోంది, అందులో మన హైదరాబాద్‌కీ ఒక వాటా వచ్చింది. గాజు పలకల మీద ఫొటో తీయడం, ఆ పలక మీద సన్న గళ్ళు, మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కో చుక్క ఆ గడిలో ఎక్కడుందో అటూ ఇటూ కొలిచి పుస్తకంలో రాసుకోవడం, ఇలా లక్షల నక్షత్రాలు. కంప్యూటర్ లేదు, కళ్ళూ పెన్సిలూ తప్ప. ఏళ్ళూ పూళ్ళూ పట్టింది. మరి అదే ఉస్మానియా క్యాంపస్‌లో దాయిరతుల్ మారిఫ్ అని ఒక సంస్థ ఉంది, పాత అరబిక్ రాతప్రతులు సరిచూసి అచ్చు వేయడం వాళ్ళ పని, మనలో సగం మందికి పేరు కూడా తెలీదు. వాళ్ళు 1954లో వేసిన పుస్తకం ఒకటి వెయ్యేళ్ళ కిందట అల్ సూఫీ రాసిన నక్షత్రాల పుస్తకం. అల్ బిరూనీ అనే పాతకాలం పండితుడి ఖగోళ గ్రంథం కూడా మూడు వాల్యూములుగా అక్కడే వేశారు. పాత కాలంలో ఏ నక్షత్రం ఎంత వెలుగుగా కనిపించిందో తెలియాలంటే అలాంటి పుస్తకాలే దిక్కు, టెలిస్కోపు ఎంత పెద్దదైనా వెనక్కి వెళ్ళి చూడలేదు కదండీ. అరబిక్ వచ్చినాయన చదివి పెడితేనే ఆస్ట్రానమీ ఆయన చేతికి ఆ డేటా వచ్చేది.

భద్రిరాజు కృష్ణమూర్తి గారి గురించి వేరే చెప్పక్కర్లేదు, ఉస్మానియాలో లింగ్విస్టిక్స్ డిపార్ట్‌మెంట్ నిలబెట్టి తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వీసీ అయ్యారు. ఆయన ఆధ్వర్యంలో 1962లో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ పదాలతో వచ్చింది, తర్వాత చేనేత పదాలతో ఇంకో సంపుటం. జిల్లాజిల్లా తిరిగి రైతుల్ని కూర్చోబెట్టి నాగలికి ఏ భాగాన్ని ఏమంటారు, కాడిని ఏమంటారు, కళ్ళంలో ఏ పనిని ఏమంటారు అని అడిగి రాసుకున్న పని అది. ట్రాక్టర్లూ హార్వెస్టర్లూ వచ్చేశాక ఇప్పుడు మొదలుపెడదామన్నా చెప్పే మనుషులు లేరు, ఆ నాగళ్ళూ లేవు. ఇంకోటి, 2018లో ద్రావిడ భాషల వయసు దాదాపు 4,500 ఏళ్ళని ఒక స్టడీ వచ్చింది, గుర్తుందా, మీరూ వేశారేమో. ఆ స్టడీని ముందుండి నడిపిన రిసెర్చర్ పనిచేసేది డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లో. జంతువుల వంశవృక్షం గీసే లెక్కలే 20 ద్రావిడ భాషల మాటలకి వాడారు. ఆ లెక్కలో వేయడానికి మాటలెక్కణ్ణుంచి వస్తాయండీ, ఊళ్ళు తిరిగి భాష రాసుకున్న వాళ్ళ దగ్గర్నుంచేగా.

వరి గురించి రెండు ముక్కలే. మార్టేరులో పుట్టిన స్వర్ణ 1982లో, బాపట్ల సాంబమసూరి 1986లో వచ్చాయి, రెండూ మన వ్యవసాయ యూనివర్సిటీ స్టేషన్లవే, ఇవాళ్టికీ మన కంచాల్లో ఉన్నాయి. దీన్ని రీసెర్చ్ అని మనలో ఎంతమంది అనుకుంటారో నాకు అనుమానమే.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది మా శ్రీకాకుళం జిల్లా సంగతి. ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బుతో ఎంతమంది పోయారో, డయాలసిస్ మీద ఎంతమంది ఉన్నారో మీ విలేకర్లే ఎన్నోసార్లు రాశారు. పలాసలో 2023 డిసెంబర్‌లో కిడ్నీ రీసెర్చ్ సెంటరు, హాస్పిటలు తెరిచారు, మంచి నీళ్ళ పథకం పెట్టారు. కానీ ఇన్నేళ్ళయినా "కారణం ఇదీ" అని ఎవరూ ఖాయంగా చెప్పలేదు. నీళ్ళలో సిలికా అన్నారు, సీసం, కాడ్మియం లాంటి లోహాలన్నారు, తోటలకి కొట్టే పురుగుమందులన్నారు, నొప్పుల బిళ్ళలన్నారు, ఎండలో పనిచేసి నీళ్ళు తాగకపోవడం అన్నారు, వంశపారంపర్యం అన్నారు. శ్రీలంకలో, అటు నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరుకు తోటల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా తెగట్లేదు.

మా కెమిస్ట్రీ వాళ్ళం ఏం చేయగలం? బాటిల్ పట్టుకెళ్ళి బోరు నీళ్ళు పట్టి, యాసిడ్ చుక్క వేసి, లేబుల్ అంటించి, ల్యాబ్‌కి తెచ్చి మెషీన్లో పెడితే ఏ లోహం ఎంత ఉందో చెప్తాం. అది ఇవాళ్టి నీళ్ళు. ఈ జబ్బు పైకి తేలేసరికి ఏళ్ళు పడుతుంది, మరి ఆ మనిషి పాతికేళ్ళ కిందట ఏ నీళ్ళు తాగాడు? అప్పటికి ఆ వీధిలో బోరు పడిందా, ఇంకా నేలబావేనా? ఆ బావి ఎవరు వాడేవాళ్ళు, ఎవర్ని రానిచ్చేవాళ్ళు కాదు, వాళ్ళు ఎక్కడ తెచ్చుకునేవాళ్ళు? మగాళ్ళు ఏ వయసులో ఏ ఊరు వలస పోయారు, అక్కడ ఏం పని, ఎన్నాళ్ళకి తిరిగొచ్చారు? జీడి తోటలో మందు కొట్టింది ఎవరు, ఒళ్ళు నొప్పులకి ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గర ఏం బిళ్ళలు తీసుకున్నారు? వీటికి జవాబు నా మెషీన్ దగ్గర లేదు, కిడ్నీ డాక్టరు స్టెతస్కోప్‌లోనూ లేదు. అది ముసలమ్మల జ్ఞాపకాల్లో ఉంది, పంచాయితీ పాత రికార్డుల్లో ఉంది, కూర్చుని ఓపిగ్గా అడిగి, ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిచూసి రాసుకునే మనిషి కావాలి, అది హిస్టరీ వాళ్ళకీ సోషియాలజీ, ఆంత్రోపాలజీ వాళ్ళకీ నేర్పే పని, మాకు నేర్పలేదు. ఉద్దానం మాట ఏ జిల్లా వాళ్ళతో ఎలా కలిసి ఉంటుందో, ఒడియా ఎక్కడ మొదలవుతుందో తెలిసినవాడు పక్కన లేకపోతే ప్రశ్నలే సరిగా అడగలేం. డాక్టరు, కెమిస్టు, జెనెటిక్స్ వాళ్ళు, ఈ హిస్టరీ, సోషియాలజీ, భాషల వాళ్ళు అందరూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుంటే తప్ప ఇది తెగదని నా నమ్మకం, అలా కూర్చోడానికి వీలున్న చోటు యూనివర్సిటీ ఒక్కటే, ఎందుకంటే వాళ్ళందరూ ఒకే కాంపౌండ్‌లో ఉండేది అక్కడే. మరి వాళ్ళలో సగం మందిని "దండగ" అని పంపేస్తే?

అంతా బంగారం అని నేను చెప్పట్లేదండి. కట్ పేస్ట్ థీసిస్‌లు ఉన్నాయి, డబ్బులిస్తే అచ్చేసే జర్నల్స్ ఉన్నాయి. "ఫలానా జిల్లాలో ఫలానా పథకం అమలు, ఒక పరిశీలన" అని జిల్లా పేరు మార్చి రాసేవి నేను స్వయంగా చూశా. ఇది ఆర్ట్స్‌లోనే కాదు, పాత మెటీరియల్‌కి ఇంకో లోహం కలిపి "కొత్త నానో" అని పేపర్ వేసుకునే మా సైన్స్ వాళ్ళకీ లోటు లేదు. ప్రొఫెసర్ పోస్టులు ఖాళీగా పెట్టి గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తుంటే గైడు ఎక్కణ్ణుంచి వస్తాడు. అయినా దొంగ థీసిస్‌ని పట్టుకోవాలన్నా ముందు ఎవరో ఒకరు చదవాలి కదా, ఎవరూ చదవరన్న ధైర్యంతోనే అవి వస్తున్నాయి.

డబ్బు సంగతి కూడా ఒకటి చెప్పాలి. మన దేశం మొత్తం రీసెర్చ్ మీద పెట్టేది జీడీపీలో 0.64 శాతం దగ్గరే ఉంది. 2023లో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ చట్టం తెచ్చారు, ఐదేళ్ళలో 50,000 కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వం బయట నుంచే రావాలట, సరే. ఆ చట్టంలో హ్యుమానిటీస్ ప్రస్తావన ఉంది కానీ ఎలా ఉందంటే సైన్స్, టెక్నాలజీలతో కలిసే చోట మాత్రమే. అంటే రాతప్రతి చదివే ఆయన "దీనివల్ల టెక్నాలజీకి ఇదీ లాభం" అని ముందే రాసిస్తే గానీ ఆ గుమ్మం ఎక్కలేడు. గోగు పువ్వు మీద పనిచేసేటప్పుడు శేషాద్రి గారిని కూడా అలా ముందే లాభం రాసివ్వమంటే ఏం రాసేవారో మరి.

నేను మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. వారానికి ఒక అర పేజీ ఇవ్వండి. శోధ్‌గంగ అని సైట్ ఉంది, దేశంలో యూనివర్సిటీల థీసిస్‌లు అందులో ఫ్రీగా చదవొచ్చు, మన యూనివర్సిటీలవి కూడా దొరుకుతాయి. ఒక వారం ఫిజిక్స్, ఒక వారం జానపదం, ఒక వారం చేపల చెరువుల మీద పనిచేసిన జువాలజీ, ఇలా ఒక్కోటి తీసి, ఆ స్కాలర్‌ని మూడే ప్రశ్నలు అడగండి, ఏం తెలుసుకుందామనుకున్నావు, ఎలా తెలుసుకున్నావు, నీ మాట ఒప్పుకోని వాళ్ళు ఏమంటారు. సన్మానం ఫొటో వద్దు. థీసిస్ మీద నోటితో అడిగే పరీక్ష, వైవాకి డిపార్ట్‌మెంట్ వాళ్ళు, మిగతా స్కాలర్లు వచ్చి కూర్చుంటారు, పర్మిషన్ అడిగి మీ విలేకరిని కూడా ఒకసారి వెనక బెంచీలో కూర్చోబెట్టండి, ఎవరు పనిచేశారో ఎవరు చేయలేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. యూనివర్సిటీల వాళ్ళూ ప్రతి థీసిస్‌కి తెలుగులో రెండు పేజీల సారాంశం తప్పనిసరి చేస్తే మీ పని ఇంకా తేలికవుతుంది, ఆ మాట మీ ఎడిటోరియల్‌లో ఒకసారి గట్టిగా రాయండి, మేం రాస్తే ఎవరూ వినరు.

సైన్స్ అర్థం కాని చోట మీ విలేకర్లకి చెప్పడానికి మాలాంటి రిటైర్డ్ లెక్చరర్లు ప్రతి జిల్లాలో దొరుకుతారు, పొద్దున్న వాకింగ్ అయ్యాక మాకు ఖాళీయే, పైసా ఇవ్వక్కర్లేదు. పొడుగు ఎక్కువైతే మధ్యలో ఎక్కడైనా కత్తిరించండి కానీ ఉద్దానం పేరా మాత్రం దయచేసి తీసేయకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్,
శ్రీకాకుళం జిల్లా