పంపు గది అన్నయ్యకు థ్యాంక్స్

బరంపురంలో మా పిల్లలు ఈదే కొలనులో పంపు గది చూసుకునే అన్నయ్యా, మీ పేరు తెలియదు, అందుకే ఇలా రాస్తున్నాను.

పిల్లల కళ్లు మండుతున్నాయని తల్లులమంతా చుట్టుముట్టినా మీరు విసుక్కోలేదు. "ఘాటు వాసన వచ్చిందంటే క్లోరిన్ ఎక్కువైందని కాదమ్మా, చెమట, మూత్రంతో కలిసి కళ్లు మండించే క్లోరమైన్లు అయిందని" అని తెలుగులో విడమరిచి, పక్కవాళ్లకు ఒడియాలో మళ్లీ చెప్పారు. గొట్టంలో నీళ్లు పట్టి, చుక్కలు వేసి రంగు చూపించారు: పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం కొలత) 7.2 నుంచి 7.8 లోపు, ఫ్రీ క్లోరిన్ (ఇంకా దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్) 1 నుంచి 3 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 1 నుంచి 3 పాళ్లు ఉండాలట. దిగేముందు స్నానం చేయమని రోజూ ఎందుకు అరుస్తారో అప్పుడు తెలిసింది. (మావాడు చెంబెడు నీళ్లు పోసుకుని స్నానమైందంటాడు, అది వేరే సంగతి.)

వాన పడి నీళ్లు మసకబారిన రోజున అడుగున డ్రెయిన్ జాలీ స్పష్టంగా కనిపించేదాకా ఎవరినీ దిగనివ్వలేదు. టికెట్ డబ్బుల కోసం కొందరు గొడవపడ్డారు. మునిగిన పిల్లాడు కనిపించని నీళ్లలో లైఫ్‌గార్డు మాత్రం ఏం చేస్తాడు? మీరు మాట పడ్డారు గానీ గేటు తీయలేదు. ప్రెషర్ గేజ్ చూసుకుంటూ ఇసుక ఫిల్టర్‌కి బ్యాక్‌వాష్ ఇస్తూనే (నీళ్లు వెనక్కి తిప్పి మురికి కడుగుతూనే) ఉన్నారు.

ఆ రోజు గట్టిగా నిలబడ్డందుకు చాలా థ్యాంక్స్ అన్నయ్యా.