తగ్గిన జ్వరం వెనుక రక్తం గడ్డల ముప్పు: వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. వానాకాలం మొదలైతే మన బస్తీ దవాఖానాలు, పల్లె దవాఖానాలు జలుబు, దగ్గు, జ్వరాలతో వచ్చేవారితో నిండిపోతాయి. పారాసిటమాల్ ఇచ్చి, విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపడంలో తప్పు లేదు కానీ, జ్వరం తగ్గాక వచ్చే వారాల్లో దేన్ని గమనించుకోవాలో వారికి చెప్పేవారు అరుదు.

స్వీడన్‌లో కోవిడ్ సోకిన పది లక్షల మందికి పైగా ప్రజలను పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఆసుపత్రిలో చేరనవసరం లేనంత స్వల్పంగా జబ్బు చేసినవారిలో సైతం కాలి లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు దాదాపు మూడు రెట్లు, ఆ గడ్డ ఊపిరితిత్తుల నాళానికి అడ్డుపడే ముప్పు దాదాపు ఏడు రెట్లు పెరిగింది. ఇది కోవిడ్‌తోనే ముగిసే విషయం కాదు. ఫ్లూ నిర్ధారణ అయిన తొలి వారంలో, గుండె రక్తనాళంలో గడ్డ అడ్డుపడితే వచ్చే గుండెపోటు ముప్పు ఆరు రెట్లు ఉంటుందని కెనడాలోని ఒంటారియో పరిశోధకులు 2018లో చూపారు.

ఈ లెక్కలతో ప్రజలను భయపెట్టమని నేను కోరడం లేదు. స్వీడన్ బాధితులందరినీ కలిపి చూసినా ఊపిరితిత్తుల్లో గడ్డ ఏర్పడినవారు వెయ్యికి ఇద్దరికన్నా తక్కువే. కనుక జ్వరం వచ్చిన ప్రతివారికీ రక్తం పలుచబడే మాత్రలు ఇవ్వడం సరికాదు. 2021లో ఎందరో తమంతట తామే రక్తంలో గడ్డల జాడను సూచించే డీ-డైమర్ పరీక్ష చేయించుకొని మందుల షాపులకు పరుగెత్తిన స్థితి మళ్లీ రాకూడదు.

నన్ను కలవరపెడుతున్నది వేరే. జ్వరం తగ్గిన కొద్దిరోజులకు ఒక కాలి పిక్క మాత్రమే వాచి, బరువెక్కి, తాకితే వేడిగా ఉంటే ఇంట్లోవారు నరం పట్టిందనుకొని నూనె రాసి గట్టిగా మర్దన చేస్తారు. లోపల గడ్డ ఉంటే ఆ మర్దనతోనే అది కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఉన్నట్టుండి వచ్చే ఆయాసాన్ని నీరసమనీ, ఛాతీ నొప్పిని గ్యాస్ అనీ సరిపెట్టుకుంటారు.

కాబట్టి ఓపీ చీటీ వెనుక ఈ మూడు లక్షణాలను, కాలు మర్దన చేయవద్దన్న హెచ్చరికను, ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ వస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలన్న సూచనను తెలుగు, ఉర్దూ భాషల్లో ముద్రించండి. గడ్డల ముప్పు ఎక్కువగా ఉండే బాలింతలను, క్యాన్సర్ రోగులను, కాలికి కట్టు వేసుకొని మంచం పట్టినవారిని జ్వరం తగ్గాక కూడా ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఒకసారి పలకరించేలా ఆదేశాలివ్వండి. పిక్క వాపుతో వచ్చినవారికి ఏరియా ఆసుపత్రిలో అదే రోజు, సిరల్లో రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్ జరిగే ఏర్పాటు చేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు