ఛార్జ్ లేని కణాన్ని అయస్కాంతం ఏం చేస్తుందని అడిగావు కదా

అమ్ములూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్నకు నేను తప్పు జవాబు చెప్పాను. "న్యూట్రినోకి ఛార్జే లేదు కదమ్మా, మరి అయస్కాంత క్షేత్రం దాన్నేం చేస్తుంది?" అని నువ్వంటే, ఏదో పనిలో ఉండి "ఏమీ చెయ్యదు, తిన్నగా వెళ్లిపోతుంది" అనేశాను. ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ అది మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఇన్నేళ్లు ఫిజిక్స్ పాఠాలు చెప్పినదాన్ని, నీకే సగం నిజం చెప్పి ఊరుకోవడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, తీరిగ్గా చదువు.

నేను చెప్పిన దాంట్లో నిజమైన సగం ఏమిటంటే, న్యూట్రినో, అంటే దేన్నీ పెద్దగా తాకకుండా దూసుకుపోయే ఆ అతి తేలికైన కణం, అయస్కాంతం వల్ల దారి తప్పదు. అంతరిక్షం నుంచి వచ్చే ప్రోటాన్‌కి ఛార్జ్ ఉంది కాబట్టి పాలపుంత అయస్కాంత క్షేత్రంలో అది మెలికలు తిరిగి తిరిగి చివరికి మన దగ్గరికి వచ్చేసరికి ఎక్కడి నుంచి బయల్దేరిందో ఆచూకీ ఉండదు. న్యూట్రినోకి ఆ బెడద లేదు. 2017 సెప్టెంబర్ 22న దక్షిణ ధ్రువంలో మంచు కింద ఉన్న ఐస్‌క్యూబ్ డిటెక్టర్‌కి ఒక న్యూట్రినో చిక్కితే, అది వచ్చిన దిక్కుకు టెలిస్కోపులు తిప్పి చూశారు. అక్కడ ఒక బ్లేజర్, అంటే నడుమ ఉన్న భారీ కృష్ణబిలం మనవైపు పదార్థాన్ని చిమ్ముతున్న గెలాక్సీ, సరిగ్గా ఆ రోజుల్లోనే భగ్గుమంటూ కనిపించింది. అన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాలు ప్రయాణించినా దిక్కు చెదరలేదు.

నేను చెప్పకుండా వదిలేసిన సగం స్పిన్ సంగతి. స్పిన్ అంటే కణానికి పుట్టుకతోనే ఉండే బొంగరంలాంటి తిరుగుడు అనుకో.

1930 డిసెంబర్ 4న పౌలీ అనే భౌతికశాస్త్రవేత్త ఒక ఉత్తరం రాశాడు, ట్యూబింగెన్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలకు. "ప్రియమైన రేడియోధార్మిక మహిళలారా, మహాశయులారా" అని మొదలవుతుంది. న్యూట్రినో అనే ఊహ పుట్టింది ఆ ఉత్తరంలోనే. ఛార్జ్ లేని ఈ కణం ఒక బుల్లి అయస్కాంతం అయ్యుంటుందని ఆయన ఆ మొదటి రోజే అందులో రాశాడు. పైగా ఆ అయస్కాంతం ఎంతకి మించి బలంగా ఉండకూడదో కూడా అంచనా కట్టాడు. చూశావా, నీకొచ్చిన ప్రశ్న న్యూట్రినోతో పాటే పుట్టింది!

ఛార్జ్ లేకుండా అయస్కాంతత్వం ఎక్కడి నుంచి వస్తుంది? క్వాంటమ్ సిద్ధాంతం ప్రకారం న్యూట్రినో ఎప్పుడూ న్యూట్రినోగానే ఉండదు. లిప్తపాటు ఎలక్ట్రాన్‌గా, డబ్ల్యూ బోసాన్ అనే బరువైన కణంగా విడిపోయి మళ్లీ కలిసిపోతుంది. ఆ రెండింటికీ ఛార్జ్ ఉంది, కాబట్టి ఆ లిప్తలో బయటి అయస్కాంత క్షేత్రం వాటిని పట్టుకోగలదు. ఈ లెక్కను 1980లో ఫుజికావా, ష్రాక్ పూర్తిగా కట్టారు. వచ్చిన జవాబు న్యూట్రినో ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది, ద్రవ్యరాశి లేకపోతే ఇదీ లేదు. న్యూట్రినో 0.1 ఎలక్ట్రాన్‌వోల్ట్ (కణాల బరువుకు వాడే అతి చిన్న కొలత) బరువుందనుకుంటే దాని అయస్కాంత బలం బోర్ మాగ్నెటాన్‌లో సుమారు 3×10⁻²⁰ వంతు వస్తుంది. బోర్ మాగ్నెటాన్ అంటే ఇంచుమించు ఒక ఎలక్ట్రాన్ అయస్కాంత బలం అనుకో.

ఈ బుల్లి అయస్కాంతాన్ని క్షేత్రంలో పెడితే దారి మారదు గానీ స్పిన్ మెల్లగా తిరుగుతుంది, బొంగరం వాలి తల తిప్పినట్టు. తిరిగితే ఏమయిందంటావా? అసలు కథంతా అక్కడే ఉంది. మనకు పట్టుబడే న్యూట్రినోలన్నీ ఎడమచేతి వాటానివి, అంటే వెళ్లే దిక్కుకు ఎదురుగా స్పిన్ ఉన్నవి. బలహీన బలం, అంటే న్యూట్రినోలు వేరే కణాలను తాకడానికి కారణమయ్యే బలం, వాటినే గుర్తుపడుతుంది. స్పిన్ తిరగబడి కుడిచేతి వాటం అయిపోతే మామూలు లెక్క ప్రకారం ఇక ఏ డిటెక్టర్‌కీ అది కనబడదు. ఎటూ పోకుండా, ఏమీ కాకుండా, ఉన్నచోటే మాయమైపోయినట్టు!

ఒక లెక్క కలిసి వేద్దాం, పెన్ను తీసుకో. సూర్యుడి లోపల 10,000 గాస్ (అయస్కాంత క్షేత్రానికి కొలత) క్షేత్రం, మందం 2,00,000 కిలోమీటర్లు అనుకుందాం. న్యూట్రినో దాన్ని దాటడానికి సెకనులో మూడింట రెండు వంతులు చాలు. అయస్కాంత బలం బోర్ మాగ్నెటాన్‌లో 10⁻¹¹ వంతు ఉంటే, స్పిన్ సెకనుకు సుమారు 1.8 రేడియన్లు, ఒక్కోటి దాదాపు 57 డిగ్రీల చొప్పున, తిరుగుతుంది (బలాన్ని క్షేత్రంతో హెచ్చించి, రెట్టింపు చేసి, హెచ్-బార్ అనే క్వాంటమ్ స్థిరాంకంతో భాగించాలి, అంతే). అంటే బయటికొచ్చేసరికి దాదాపు 70 డిగ్రీలు. తక్కువేం కాదు, మూడింట ఒక వంతు న్యూట్రినోలు మాయం కావచ్చు. ఇప్పుడు అదే లెక్కలో ఇందాకటి 3×10⁻²⁰ పెట్టు. 70 డిగ్రీలు కాస్తా ఒక డిగ్రీలో కోటికి రెండు వంతులైపోతుంది. అదే సూర్యుడు, అదే దూరం, మారింది ఒక్క సంఖ్యే. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న అగాధంలోనే ఒక తరం భౌతికశాస్త్రవేత్తలు తలలు బద్దలుకొట్టుకున్నారు.

ఎందుకంటే రే డేవిస్ అనే శాస్త్రవేత్త అమెరికాలోని హోమ్‌స్టేక్ గనిలో ఏళ్ల తరబడి లెక్కపెడితే సూర్యుడి నుంచి రావాల్సిన న్యూట్రినోల్లో మూడో వంతే వచ్చాయి. పైగా సూర్యుడి మీద మచ్చలు ఎక్కువైన ఏళ్లలో న్యూట్రినోలు తగ్గుతున్నట్టు కొందరికి అనిపించింది. మచ్చలంటే అయస్కాంత క్షేత్రం బలపడటమే కదా, మరి స్పిన్ తిరగబడుతోందేమో అని 1986లో వోలోషిన్, విసోత్స్కీ, ఓకున్ ప్రతిపాదించారు. ఎంత ముచ్చటైన ఆలోచనో చూడు! నేను దీన్ని మొదటిసారి చదివినప్పుడు ఇదే నిజమైతే ఎంత బావుండు అనుకున్నాను. కానీ కాలేదు. మచ్చలు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతాయి, కానీ జపాన్‌లోని సూపర్-కామియోకాండే డిటెక్టర్‌లో ఏళ్ల తరబడి చూసినా న్యూట్రినోల్లో ఆ 11 ఏళ్ల ఎగుడుదిగుడు కనబడలేదు. 2001, 2002లో కెనడాలోని ఎస్‌ఎన్‌ఓ ప్రయోగం అన్ని రకాల న్యూట్రినోలనూ కలిపి లెక్కపెడితే మొత్తం సరిపోయింది. న్యూట్రినోలు మూడు రకాలు, డేవిస్ పట్టగలిగింది ఒక్క రకాన్నే. అవి మాయం కాలేదు, ఒక రకం నుంచి ఇంకో రకానికి మారాయి. దాంతో స్పిన్ కథ పక్కకు వెళ్లింది. అయితే ఆ అయస్కాంత బలం కోసం వేట మాత్రం ఆగలేదు. 2020లో ఇటలీలో గ్రాన్ సాసో కొండ కింద ద్రవ జెనాన్‌తో పనిచేసే డిటెక్టర్‌లో కొన్ని అదనపు సంకేతాలు కనిపిస్తే, న్యూట్రినో అయస్కాంత బలం వల్లేమో అన్నారు, నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. 2022లో అదే కొండ కింద ఇంకా శుభ్రమైన డిటెక్టర్‌తో చూస్తే ఆ సంకేతాలు లేనే లేవు. ఇప్పుడు ఆ బలం బోర్ మాగ్నెటాన్‌లో 6.4×10⁻¹² వంతుకు మించదని తేలింది. సిద్ధాంతం చెప్పే 10⁻²⁰కి ఇంకా బోలెడు దూరం ఉంది, ఆ మధ్యలో ఏదైనా దొరికితే మన సిద్ధాంతంలో లేని కొత్త కణాలేవో ఉన్నట్టే.

ఇక గురుత్వాకర్షణ. నువ్వు అడగలేదు, కానీ చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా సగం నిజమే అవుతుంది.

అయస్కాంతం స్పిన్‌ని తిప్పి దారిని వదిలేస్తుంది. గురుత్వాకర్షణ మొదట పట్టుకునేది దారినే. దాన్నుంచి ఏ కణమూ తప్పించుకోలేదు, ఛార్జ్ ఉన్నా లేకున్నా, బరువున్నా లేకున్నా. సూర్యుడి అంచున వెళ్లే కాంతి 1.75 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) వంగితే న్యూట్రినో కూడా అంతే వంగుతుంది. అయితే కాంతికి లేని సౌకర్యం ఒకటి న్యూట్రినోకి ఉంది, అది సూర్యుడి లోపలి నుంచి కూడా వెళ్లగలదు. సూర్యుడి చుట్టూ వంగిన కాంతి ఒకచోట కలవాలంటే కనీసం భూమికీ సూర్యుడికీ మధ్య దూరానికి 550 రెట్ల దూరం వెళ్లాలి. సూర్యుడి గర్భంలోంచి దూసుకెళ్లే న్యూట్రినోలు మాత్రం 24 రెట్ల దగ్గరే, యురేనస్ దాటి నెప్ట్యూన్‌కి చేరకముందే కలుస్తాయి. సూర్యుడే వాటికి ఒక భూతద్దం!

గురుత్వాకర్షణ న్యూట్రినోని కాంతిలాగే పట్టుకుంటుందన్నది లెక్క మాత్రమేనా, ఎవరైనా చూశారా అంటావు, నాకు తెలుసు. చూశారు. 1987 ఫిబ్రవరి 23న మన పక్క గెలాక్సీలో, సుమారు 1,68,000 కాంతి సంవత్సరాల దూరంలో పేలిన నక్షత్రం నుంచి రెండు డజన్ల న్యూట్రినోలు మూడు డిటెక్టర్లలో పడ్డాయి, కాంతి కన్నా దాదాపు మూడు గంటలు ముందు. నక్షత్రం గుండె కూలగానే న్యూట్రినోలు బయటపడతాయి, పేలుడు దెబ్బ పై పొరలకు చేరాకే కాంతి వెలువడుతుంది, అందుకని ఆ తేడా. దాన్ని పక్కన పెట్టి పాలపుంత గురుత్వాకర్షణను చూడు. దాన్ని దాటి రావడంలో కాంతికైనా న్యూట్రినోకైనా కొన్ని నెలల ఆలస్యం జరుగుతుంది. లోంగో ఒకవైపు, క్రౌస్, ట్రెమైన్ ఇంకోవైపు 1988లో చెప్పింది ఇదే: నెలల ఆలస్యంలో ఇద్దరికీ తేడా గంటల్లో ఉందంటే, గురుత్వాకర్షణ ఇద్దర్నీ ఒకేలా చూస్తోందన్నమాట. గురుత్వాకర్షణ అన్నిటినీ ఒకేలా లాగుతుందనే ఐన్‌స్టీన్ తుల్యతా సూత్రాన్ని రెండు డజన్ల న్యూట్రినోలతో పరీక్షించడం నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడిచే విషయం.

మరి న్యూట్రినోలు రకం మారడంలో గురుత్వాకర్షణ చెయ్యి ఉందా? ఒక్కో న్యూట్రినోలో మూడు వేర్వేరు ద్రవ్యరాశులున్న అలలు కలిసి వెళ్తూ అడుగు తప్పడం వల్లే రకం మారుతుంది. వాటిని మూడు గడియారాలనుకో, ఒక్కోటి ఒక్కో వేగంతో టిక్ టిక్‌మంటుంది. బరువైన నక్షత్రం దగ్గర గడియారాలన్నీ నెమ్మదిస్తాయి, కానీ అన్నీ ఒకే నిష్పత్తిలో. అందుకే పక్కనే నిలబడి చూసేవాళ్లకు కొత్తగా ఏమీ కనబడదు, దూరం నుంచి చూసేవాళ్లకే తేడా. 1996లో అహ్లూవాలియా, బర్గార్డ్ ఈ తేడాను లెక్కగట్టాక దాని అర్థం ఏమిటని చాలా ఏళ్లు వాదనలు నడిచాయి. నాకైతే ఈ గడియారాల మాటే సరిగ్గా అనిపిస్తుంది, నీకు వేరేలా తోస్తే వాదిద్దాం.

చివరికి రెండూ కలిసే చోటుకి వస్తున్నా. విశ్వం పుట్టిన మొదటి క్షణాల న్యూట్రినోలు ఇప్పటికీ మన చుట్టూ ఉన్నాయి, ఘన సెంటీమీటర్‌కి సుమారు 336. చల్లారి చల్లారి 1.95 కెల్విన్‌కి వచ్చాయి, బరువైనవి కాంతి వేగంలో నూటికి ఒక వంతు మాత్రమే కదులుతూ ఉంటాయి. వేగంగా వెళ్లే న్యూట్రినో దారిని గురుత్వాకర్షణ వంచితే స్పిన్ కూడా దాంతో పాటే వంగుతుంది, వాటం మారదు. నెమ్మదిగా వెళ్లే దానికి మాత్రం దారి వంగినంతగా స్పిన్ వంగదు. గెలాక్సీల గుంపుల పక్కగా ఇన్ని వందల కోట్ల ఏళ్లు వంకరపోతూ వచ్చేసరికి కొన్నిటి వాటం మారిపోయి ఉంటుంది, ఆ పైన అయస్కాంత క్షేత్రాలు తిప్పింది వేరే. 2021లో గోర్డన్ బేమ్, జెన్-చీ పెంగ్ ఈ రెండిటినీ లెక్కించారు. ఈ పాత న్యూట్రినోలను ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్‌తో పట్టాలని టాలెమీ అనే ప్రయోగం సిద్ధమవుతోంది. న్యూట్రినో తనకు తానే ప్రతికణం (గుణాలు తిరగబడిన జోడు కణం) అయితే కుడిచేతి వాటానివి కూడా చిక్కుతాయి, అక్కడ దాదాపు రెట్టింపు పడతాయి. ఆ సంఖ్యను సరిగ్గా చదవాలంటే దారిలో స్పిన్‌కి ఏం జరిగిందో ముందు తెలియాలి.

నీకో పని. భూమి అయస్కాంత క్షేత్రం సుమారు అర గాస్, మధ్యలోంచి దాటాల్సిన దూరం 12,700 కిలోమీటర్లు. ఇందాకటి 10⁻¹¹ పెట్టి స్పిన్ ఎంత తిరుగుతుందో లెక్కగట్టి ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పు. ఈసారి పనిలో ఉండను.

ప్రేమతో,
అమ్మ