ఇత్తడి లైటు కొనేముందు వైరు చూడండి

సంపాదకులకు,

వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట వైపు టేకు దూలాల పాత ఇండ్లను బాగుచేయించుకునేవాళ్లు పాతకాలపు లైట్ల కోసం దుకాణాలు తిరుగుతున్నారు. మంచి పనే. కానీ అందరూ లైటుతో మొదలుపెడుతున్నారు, మొదలుపెట్టాల్సింది వైరుతో.

మెయిన్ బంద్ చేసి, పాత హోల్డరు విప్పి, వైరును వేలితో కొద్దిగా వంచి చూడండి. పైన నూలు అల్లిక బాగానే ఉంటుంది, లోపలి రబ్బరు మాత్రం పొడిపొడిగా రాలుతుంది. ఏండ్ల తరబడి బుగ్గ (బల్బు) వేడికి మాడిన రబ్బరు అది. కొసన జానెడు కోసి కొత్త ముక్క అతికిస్తే సరిపోదు. స్విచ్ దాకా 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు మార్చాలి, దాంతోపాటు పచ్చ ఎర్త్ వైరు తప్పకుండా లాగాలి. పాత ఇండ్లలో చాలావరకు లైటు పాయింటుకు ఎర్త్ ఉండదు. ఫేజు వైరు ఒరుసుకుపోయి గొలుసుకు తగిలితే ఇత్తడి లైటంతా కరెంటే. ఎర్త్ లేదు కాబట్టి ఫ్యూజూ పోదు. తుడవడానికి నిచ్చెన ఎక్కిన మనిషికే ఆ సంగతి తెలుస్తుంది. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. స్విచ్ ఆపాల్సింది ఫేజును, ఆపుతున్నది దాన్నేనా, న్యూట్రల్‌నా అన్నది కూడా టెస్టర్‌తో చూపించుకోవాలి.

ఇక బరువు. కొక్కెం దూలాల మీది సన్న దంతెకు కాదు, దూలానికే వేయాలి. ముందు సన్నని రంధ్రం చేసి మర తిప్పుతూ ఎక్కించాలి. మేకులా కొడితే ఎండిన టేకు చీలుతుంది. లైటు బరువుకు నాలుగింతలు ఒక గంట వేలాడదీసి చూడండి. వైరు గొలుసు కంటే కాస్త పొడుగుండాలి, బరువు దానిమీద పడొద్దు.

కొనేటప్పుడు అయస్కాంతం వెంట తీసుకెళ్లండి. అంటుకుంటే అది ఇనుము మీద పూత. అంటుకోకున్నా లోపలివైపు గీకి చూడాలి, తెల్లగా కనిపిస్తే ఇత్తడి కాదు. నల్లబడ్డ టేకు కప్పు వెలుగును మింగేస్తుంది, పైకి వెలుగు చిమ్మే గిన్నెలు అక్కడ దండగ. కిందికి తెరుచుకున్న పాలగాజు డోము, పసుపు వెలుగిచ్చే 2700 కెల్విన్ ఎల్‌ఈడీ బుగ్గ చాలు. అన్ని వైపులా మూసిన గాజులో పెడితే ఎల్‌ఈడీ వేడికి తొందరగా పోతుంది.

చింతపండుతో తోమేటప్పుడు హోల్డరు విప్పి పక్కన పెట్టండి. మరల్లో పులుపు మిగిలితే చిలుము పడుతుంది.

సొట్టపడ్డ పాత ఇత్తడి డోములను తూకానికి అమ్మేస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి రూపం తెచ్చే విశ్వకర్మలు ఉన్నారు. పాత సామాను బండికి వేయకముందు ఒకసారి వాళ్లకు చూపించండి.

- ఒక పాఠకుడు, హన్మకొండ