ఈ వారం సినిమాలు సరే, పోయిన వారం సినిమాలేమయ్యాయి?

సంపాదకుడి గారికి నమస్కారం.

శుక్రవారం మీ సినిమా పేజీలో 'ఈ వారం విడుదలయ్యే చిత్రాలు' అని వేస్తారు కదా, పేపర్ చేతికి రాగానే నేను ముందు తిప్పేది ఆ పేజీకే, రాజకీయాలూ గట్రా అన్నీ ఆ తర్వాతే. చాన్నాళ్లుగా చదువుతున్న చనువుతో ఒక ఫిర్యాదు రాస్తున్నాను. కోపంతో కాదు. సరే, కొంచెం కోపం ఉంది.

నాది షిఫ్టుల ఉద్యోగం. శని ఆదివారాలు అందరూ సినిమాలకి పోతుంటే నాకు డ్యూటీ ఉంటుంది, సెలవు వారం మధ్యలో ఎప్పుడో వస్తుంది. మొన్నామధ్య మీ పేజీలో ఒక చిన్న సినిమా గురించి నాలుగు లైన్లు చదివాను, పెద్ద పేర్లేమీ లేవు గానీ కథ కొత్తగా అనిపించి బుధవారం వెళ్దామనుకున్నాను. సోమవారం డ్యూటీలో ఒకావిడ, ఆదివారం చూసొచ్చిందట, "బాగుంది, వదలకు" అని మరీ చెప్పింది. మంగళవారం రాత్రి టికెట్ కోసం ఫోన్ తీస్తే ఒకే ఒక్క షో కనిపించింది, అదీ పొద్దున్నే. పోనీలే అని బుక్ చేసుకుని నిద్రమొహంతో వెళ్తే, జనం లేరు, షో క్యాన్సిల్ అన్నారు. డబ్బులు వెనక్కి వస్తాయన్నారు, వచ్చాయి కూడా, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. మర్నాటికి ఆ సినిమా పేరే లేదు. శుక్రవారం మీ పేజీ తీస్తే మళ్లీ ఐదు కొత్త పోస్టర్లు. వారం కిందట మీరే పరిచయం చేసిన సినిమా ఆడుతోందో, ఎత్తేశారో, బాగుందో, చెత్తో, ఒక్క ముక్క లేదు.

హాలు వాళ్లని తిట్టడానికి ఈ ఉత్తరం రాయలేదు. ఖాళీ కుర్చీలకి ఏసీ వేసి ఎన్నాళ్లని ఆడిస్తారు. కానీ సినిమా విడుదల పద్ధతే మారిపోయిందనీ, మీ పేజీ ఇంకా పాత పద్ధతిలోనే ఉందనీ నాకనిపిస్తోంది.

ఫిల్ము రోజుల్లో ఒక ప్రింట్, అంటే హాల్లో వేసే ఫిల్ము కాపీ, తీయడమంటే మాటలు కాదు. సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు పరిగెత్తే 35 ఎంఎం ఫిల్ము, రెండున్నర గంటల సినిమాకి 13,500 అడుగులు అవుతుంది, అంటే నాలుగు కిలోమీటర్ల పైమాటే. దాన్ని రీళ్లుగా చుట్టి బాక్సుల్లో పెట్టి పంపాలి. అంత ఖర్చుతో వందల ప్రింట్లు తీయడం అందరివల్లా అయ్యేది కాదు కాబట్టి కొన్నే తీసేవాళ్లు, ఒక చోట ఆడాక అదే బాక్సు ఇంకో చోటికి వెళ్లేది. రెండో చోటికి సినిమా ఆలస్యంగా వచ్చేది, నిజమే. కానీ ఆ ఆలస్యంలోనే మాట పాకేది. శంకరాభరణం సంగతి తెలిసిందేగా, 1980లో విడుదలైన రోజు హాళ్లు దాదాపు ఖాళీ, చూసిన ఆ కొద్దిమందీ చెప్పగా చెప్పగా వారం తిరిగేసరికి నిండిపోయాయి. ఇప్పుడైతే ఆ సినిమాకి శనివారం సాయంత్రానికే సగం షోలు తీసేసేవాళ్లు, మిగతా సగం సోమవారం.

ఒకేసారి ఎక్కువ హాళ్లలో వేసి, మాట బయటికి పొక్కేలోపు డబ్బు లాగేసే పద్ధతికి జాస్ అనే హాలీవుడ్ షార్క్ సినిమాని మొదటి ఉదాహరణగా చెబుతుంటారు. 1975 జూన్ 20న అమెరికాలో 409 హాళ్లలో వేశారు, ముందు నుంచీ టీవీలో ప్రకటనలు గుప్పించారు. అది బాగున్న సినిమా కాబట్టి ఆడింది, పాపం దాన్నేమీ అనలేం. మిగతావాళ్లు దాన్నుంచి నేర్చుకున్నది మాత్రం బాగా తీయాలని కాదు, ఎక్కువ హాళ్లలో వేయాలని. ఆ రోజు 409 అంటే గొప్ప, ఇప్పుడు పెద్ద సినిమాలకి వేలల్లో తెరలు. ఎందుకంటే ప్రింట్ అనేదే లేదు. సినిమా హార్డ్ డిస్కులోనో, శాటిలైట్ ద్వారానో వచ్చేస్తుంది, దానికి తాళంలా ఒక డిజిటల్ కీ పంపుతారు, ఆ కీ ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు పనిచేయాలో అందులోనే ఉంటుంది, గడువు దాటితే డిస్కు చేతిలో ఉన్నా బొమ్మ పడదు. అన్ని చోట్లకీ ఒకే రోజు వస్తుంది, ఆడకపోతే అన్ని చోట్లా ఒకే వారంలో మాయమవుతుంది. తమాషా ఏమిటంటే, చాలా చోట్ల మల్టీప్లెక్సులకి మొదటి వారం టికెట్ డబ్బుల్లో వచ్చే వాటా తక్కువ, వారాలు గడిచేకొద్దీ పెరుగుతుంది. ఆ లెక్కన సినిమా నాలుగు వారాలు ఆడితే లాభం వాళ్లకే. కానీ పక్కనే కొత్త సినిమా క్యూలో ఉంటే ఎవరు ఆగుతారు?

పైగా ఒకే శుక్రవారం ఎన్నో సినిమాలు మీద పడతాయి. అమెరికాలో 1982 జూన్ 25న బ్లేడ్ రన్నర్, ది థింగ్ అనే రెండు హాలీవుడ్ సినిమాలూ ఒకే రోజు వచ్చాయి. అప్పటికి రెండు వారాల ముందే వచ్చిన ఈ.టీ. అనే సినిమా జనాన్నంతా లాగేసుకుంది, ఏడాదికి పైగా ఆడింది. ఈ రెండూ మాత్రం దెబ్బతిన్నాయి. రివ్యూలు కూడా ఏమంత బాగా రాయలేదు. ఇవాళ ఆ రెంటినీ క్లాసిక్కులంటున్నారు, సినిమా కోర్సుల్లో పాఠాలు చెబుతున్నారు. ఆ వారం పేపర్లు చదివి 'ఈ వారం ఫ్లాపులు' అనుకుని వదిలేసినవాళ్లు ఎంతమందో.

మీరిచ్చే ఆ నాలుగు లైన్లకి ఎంత బరువుంటుందో చెప్పాలనే ఇదంతా రాశాను. ఇక నేనడిగేది ఒక్కటే, చిన్న బాక్సు. 'పోయిన వారం వచ్చినవాటిలో ఇంకా ఆడుతున్నవి' అని. ఒక్కో సినిమాకి రెండు లైన్లు చాలు, టాక్ ఎలా ఉంది, షోలు పెరిగాయా తగ్గాయా, అంతే. కలెక్షన్ల లెక్కలు నాకక్కర్లేదు, ఎవరికి ఎంత వచ్చిందో తెలిసి నేనేం చేసుకోను. మొదటి మూడు రోజులు వెళ్లలేని నాలాంటివాళ్లు ఎంతోమంది ఉంటారు, రాత్రి డ్యూటీల వాళ్లు, పసిపిల్లలున్నవాళ్లు, రద్దీలో వెళ్లలేని పెద్దవాళ్లు. మాకు మీ శుక్రవారం జాబితా ఎప్పుడూ వారం ముందుగానే వస్తుంది, మేం బయల్దేరేసరికి పాతబడిపోతుంది.

స్థలం లేదంటారేమో. ఉంది. మీ జాబితాలో సగం ఓటీటీలోకి వచ్చేవే. హెడ్డింగులో 'థియేటర్లలో సందడి' అంటారు, కింద చూస్తే పది పేర్లలో ఐదు ఇంట్లో సోఫాలో కూర్చుని చూసేవి. అవి ఈ శుక్రవారం కాకపోతే వచ్చే నెలైనా అక్కడే ఉంటాయి, వాటికంత తొందరేం లేదు, ఎక్కడికీ పారిపోవు. తొందరంతా హాల్లో ఆడేవాటికే. ఓటీటీని వేరే రోజుకి మార్చండి, నా బాక్సుకి చోటు అదే వస్తుంది.

పనిలో పనిగా ఇంకోటి కూడా. సినిమా ఎంతసేపో రాయండి. చివరి షోకి వెళ్లేవాళ్లకి రెండు గంటల సినిమాకీ మూడుంపావు గంటల సినిమాకీ చాలా తేడా, బస్సు దొరకడం దొరక్కపోవడం అంత తేడా. డబ్బింగా, నేరుగా ఈ భాషలో తీసిందా, పాత సినిమానే మళ్లీ వేస్తున్నారా, ఇవన్నీ ఒక్కో మాటలో అయిపోతాయి. దానికి బదులు ఇప్పుడు మీరు రాసేది 'వినూత్న కథాంశంతో రూపొందిన ఈ చిత్రం అన్ని వర్గాల ప్రేక్షకులను అలరిస్తుందని చిత్రబృందం ధీమా వ్యక్తం చేస్తోంది' అని. ఐదు సినిమాలకీ ఇంచుమించు అదే వాక్యం. ధీమా లేకపోతే విడుదలెందుకు చేస్తారండీ!

ఫ్రాన్సులో కొత్త సినిమాలు బుధవారం వస్తాయట, జర్మనీలో గురువారం. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, అక్కడైతే మొదటి రోజు మొదటి ఆట నాదే అని.

వచ్చే వారం నా సెలవు మంగళవారం పడింది. ఈ శుక్రవారం మీరు వేసిన ఐదింటిలో రెండు చూడాలని పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకున్నాను, అందులో ఒకదానికి ఇవాళ ఆదివారానికే ఉన్న నాలుగు షోలూ రెండయ్యాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు