ఆ కళ్లెం తీయడానికి ముందు జరిగింది కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పోయిన ఆదివారం మీ అనుబంధంలో జీనూ కళ్లెమూ లేకుండా గుర్రాన్ని దౌడు తీయించిన అమెరికా మహిళ గురించి చిన్న ఐటమ్ వేశారు. ఫొటో చాలా బాగుంది, ఇన్నేళ్ల తర్వాత ఆ స్వారీని గుర్తుపెట్టుకుని వేసినందుకు థ్యాంక్స్. కాకపోతే దాన్ని ఒక మాయలాగా, గుర్రం ప్రేమకి కరిగిపోయి తనంతట తానే మాట విన్నట్టుగా రాసి వదిలేశారు. నేను హైదరాబాద్ శివార్లలో పిల్లలకు గుర్రపుస్వారీ నేర్పుతుంటాను. మీ ఐటమ్ వచ్చిన దగ్గర్నుంచి తల్లిదండ్రులు ఫోన్‌లో ఆ వీడియో పెట్టి చూపించి "మా బాబుకి ఇలా ఎప్పుడు నేర్పిస్తారు మేడమ్, ఎటూ గుర్రం అలవాటైంది కదా" అని అడుగుతున్నారు. ఒకాయనైతే పెళ్లిళ్లకు తిప్పే గుర్రానికి కళ్లెం తీయించి, దాని మీద పిల్లాణ్ణి ఎక్కించి రీల్ తీశాడు. ఆ రీల్ చూశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగైనా వేయండి.

ఆవిడ పేరు స్టేసీ వెస్ట్‌ఫాల్. ఆ స్వారీ 2006లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, ఆల్ అమెరికన్ క్వార్టర్ హార్స్ కాంగ్రెస్ అనే పెద్ద గుర్రాల ప్రదర్శనలో జరిగింది. నల్లటి ఆడగుర్రం, కాగితాల్లో పేరు విజర్డ్స్ బేబీ డాల్, ఇంట్లో పిలుపు రాక్సీ. స్టేసీ తండ్రి పోయి అప్పటికి 24 రోజులే, ఈ స్వారీ ఆయనకే అంకితం అని ముందుగా చెప్పి బరిలోకి దిగింది. గుర్రం మెడలో తాడు ముక్క కూడా లేదు. అది ఫ్రీస్టైల్ రీనింగ్ పోటీ, అంటే పాటకు తగ్గట్టు ఎవరి వరస వాళ్లు పేర్చుకోవచ్చు గానీ చేయాల్సినవి చేసి తీరాలి. కుడికీ ఎడమకీ నాలుగేసి చుట్లు ఉన్నచోటే బొంగరంలా తిరగాలి, పూర్తి వేగంతో వచ్చి జారుతూ కనీసం మూడుసార్లు ఆగాలి, పరుగులోనే ముందుపడే కాలు మార్చుకోవాలి, అదీ రెండు వైపులా. అన్నీ చేసి మొదటి స్థానం తెచ్చుకుంది.

రీనింగ్ అక్కడి పశువుల రాంచ్‌ల్లో పుట్టింది. మందలోంచి తప్పించుకునే దూడని మళ్లించాలంటే గుర్రం ఠక్కున ఆగాలి, ఆగిన చోటే తిరగాలి, రౌతుకి ఒక చెయ్యి ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. ఆ పనితనాన్నే తర్వాత పోటీగా మార్చుకున్నారు, 1966లో దానికి ఒక జాతీయ సంఘం కూడా ఏర్పడింది. మామూలు రీనింగ్ పోటీల్లో మార్కులు 70 దగ్గర మొదలవుతాయి, ఒక్కో విన్యాసం చూసి ఒకటిన్నర వరకు కలుపుతారు లేదా కోస్తారు. గుర్రం ఆగేటప్పుడు తల పైకెత్తినా, నోరు తెరిచి పెనుగులాడినా తప్పుకిందే లెక్క. ఈ మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ నోటి సంగతికే వస్తాను.

ఆ వీడియోలో గుర్రం ఆగే చోటు ఆపి ఆపి చూడండి. దౌడులో వస్తూ వెనక్కాళ్లు పొట్ట కిందికి తెచ్చుకుని, నడుము వంచి, వెనక డెక్కల మీద జారుతుంది. ముందుకాళ్లు మాత్రం అడుగులు వేస్తూనే ఉంటాయి. ఈ పోటీ గుర్రాలకి వెనక డెక్కలకు వెడల్పాటి నున్నటి లాడాలు వేస్తారు, నేల కూడా అందుకోసమే చదును చేసి పెట్టిన మట్టి, మన తారు రోడ్డు మీదో గ్రౌండ్‌లోనో చేయిస్తే గుర్రం కాలికి దెబ్బ తగలొచ్చు. అంత వేగం అలా ఆగుతుంటే పైనున్న మనిషి ముందుకి తూలి మెడ మీద పడాలి. జీను ఉంటే రికాబులో పాదం ఆనుతుంది, పట్టుకోవడానికి జీను ముందు కొమ్ము ఉంటుంది. ఆవిడకి ఆ రెండూ లేవు. నడుము వదులు చేసి, కాళ్లు కిందికి వేలాడేసి, గుర్రం వీపు ఎటు దిగితే తనూ అటే దిగిపోయింది. భయపడి తొడలు బిగించి ఉంటే ఆ గుర్రం ఆగేది కాదు, ఎందుకంటే కాళ్లు బిగిస్తే దానికి నేర్పిన అర్థం ముందుకి పద అని.

గుర్రాన్ని కళ్లెం లాగి ఆపుతామని చాలామంది అనుకుంటారు. నాలుగైదు వందల కిలోల జంతువు బెదిరి పారిపోవాలనుకుంటే నోట్లో ఇనుపముక్క దాన్ని ఆపలేదు, నొప్పికి ఇంకా ఉరుకుతుంది. శిక్షణలో నేర్పేది వేరే. పిల్ల గుర్రానికి పక్కన కాలితో చిన్నగా ఒత్తిడి ఇస్తాం. దానికి ఏం చేయాలో తెలియదు, తల ఎగరేస్తుంది, తోక విసురుతుంది, మొండిగా నిలబడుతుంది, చివరికి ఎప్పుడో ఒక అడుగు పక్కకి వేస్తుంది. వేసీ వేయగానే కాలు తీసేయాలి. ఒత్తిడి పోయిన ఆ క్షణంలోనే అది నేర్చుకుంటుంది, మనం అర సెకను ఆలస్యం చేస్తే ఇంకేదో నేర్చుకుంటుంది. పగ్గం మెడకి తగలగానే అవతలి వైపు తిరగడం, రౌతు ఊపిరి వదిలి బరువుగా కూర్చోగానే నెమ్మదించడం, ఒక్క మాటకి ఉన్నచోటే ఆగడం, ఇవన్నీ ముందు కళ్లెంతోనే, జీనుతోనే నేర్పుతారు. నేర్పుతూ నేర్పుతూ లాగడం తగ్గించుకుంటూ పోతారు. మొదట్లో చెయ్యి బారెడు పక్కకి చాపితే తిరిగిన గుర్రం కొన్నాళ్లకి వేలు కదిపితే తిరగాలి, ఆ తర్వాత పైన కూర్చున్నవాళ్లు చూపూ నడుమూ తిప్పితే తిరగాలి. అలా ఎప్పుడో ఒకరోజు పగ్గాలు వదులుగా వేలాడుతుంటాయి, వాటికిక పని ఉండదు. అప్పుడు తీస్తారు, అదీ ముందు చుట్టూ కంచె ఉన్న చిన్న బరిలో, నడకతో మొదలుపెట్టి.

స్టేసీ కూడా ఒకేసారి అన్నీ విప్పేయలేదు. 2003లోనే ఇంకో గుర్రం మీద కళ్లెం మాత్రం తీసి ఫ్రీస్టైల్ చేసింది. జీను కూడా లేకుండా దిగింది 2006లో. అదే ఏడాది రోడ్ టు ద హార్స్ అనే పోటీ గెలిచిన మొదటి మహిళ కూడా ఆవిడే. మనిషిని ఎప్పుడూ ఎక్కించుకోని పిల్ల గుర్రాన్ని ఇచ్చి స్వారీకి అలవాటు చేయమనే పోటీ అది. అంటే ఏమీ తెలియని గుర్రం దగ్గర్నుంచి ఏమీ తొడగక్కర్లేని గుర్రం దాకా మధ్యలో ఉన్న దారంతా ఆవిడ నడిచింది. మీ ఐటమ్‌లో ఆ దారే లేదు. రాక్సీకీ ఆవిడకీ మధ్య ప్రేమ లేదని నేననను, చూస్తేనే తెలుస్తుంది, నేను ఎన్నిసార్లు చూసినా కళ్లు చెమరుస్తాయి. కానీ ప్రేమ ఉంటే చాలు, గుర్రం ఆగిపోతుందని ఒక పదేళ్ల పిల్లాడు నమ్మితే మాత్రం దెబ్బ తగిలేది వాడికే.

మా దగ్గర ఒక ముసలి ఆడగుర్రం ఉంది. జీను లేకుండా ఎవరినైనా కూర్చోబెట్టాలంటే దాని మీదే. కళ్లెం తీయం, హెల్మెట్ తీయనివ్వం, గుర్రాన్ని చూసుకునే సాయీసు తాడు పట్టుకుని పక్కనే ఉంటాడు. ఈమధ్య ఒక అబ్బాయిని అలా ఎక్కించాం, జీను మీద ట్రాట్ (ఎగిరెగిరి పడే దుడుకు నడక), క్యాంటర్ (నెమ్మది దౌడు) అన్నీ చక్కగా చేసేవాడే. నడకలో బాగానే కూర్చున్నాడు. ట్రాట్ మొదలవగానే ఎగిరెగిరి పడి, భయమేసి మోకాళ్లు బిగించాడు. గుర్రం దాన్ని విని వేగం పెంచింది, వాడు ఇంకా బిగించాడు, అది ఇంకా పెంచింది. "జూలు పట్టుకో నాన్నా, కాళ్లు వదిలెయ్, ఊపిరి వదులు" అని నేను పక్కన పరిగెత్తుతూ చెబుతున్నాను. వాడు కాళ్లు వదలడం, ఆ గుర్రం నాలుగు అడుగుల్లో నడకలోకి రావడం ఒకేసారి జరిగింది. దిగాక వాడు అడిగిన మొదటి ప్రశ్న "మేడమ్, నేనే పరిగెత్తమన్నానా?" అని. అవును నాన్నా, నువ్వే అన్నావు అన్నాను. జీను తీసి కూర్చోబెట్టడం ఇందుకోసమే. గుర్రం వీపు వెచ్చదనం, ఏ కాలు ఎప్పుడు నేల మీద పడుతోందో, మన ఒంట్లో ఏం బిగుసుకుందో అన్నీ నేరుగా తెలుస్తాయి. అయితే కాసేపే. జీను లోపలి చట్రం మన బరువుని వీపంతా పరుస్తుంది, అది లేకపోతే మనం కూర్చునే రెండు ఎముకలూ వెన్నుకి అటూ ఇటూ ఉన్న కండరాల మీద గుచ్చుకుంటాయి. బరువైనవాళ్లు, బ్యాలెన్స్ రానివాళ్లు గంటల తరబడి అలా తిరిగితే గుర్రానికి నడుము నొప్పి ఖాయం. వెన్నెముక పొడుచుకొచ్చిన బక్క గుర్రం మీదైతే అసలే వద్దు.

పూర్వం ఇలాగే ఎక్కేవాళ్లు కదా అని ఒక పేరెంట్ నాతో వాదించారు. నిజమే, ఉత్తర ఆఫ్రికా నుమిడియా రౌతులు జీనూ కళ్లెమూ లేకుండానే యుద్ధాలు చేశారని రోమన్ రచయితలు రాశారు, రోమ్ మీద యుద్ధం చేసిన కార్తేజ్ సేనాని హానిబల్ సైన్యానికి వాళ్లే పెద్ద బలం, క్రీ.పూ. 202లో జామా యుద్ధం నాటికి తమ నాయకుడు మసినిస్సా వెంట ఎక్కువమంది రోమ్ వైపు వెళ్లిపోవడం హానిబల్ ఓటమికి ఒక ముఖ్య కారణం. కానీ వాళ్లు గుర్రాలతోనే పుట్టి పెరిగిన మనుషులు. వారానికి రెండు గంటలు క్లాసుకి వచ్చే మన పిల్లలకి ఆ లెక్క ఎలా సరిపోతుంది?

ఇక నన్ను ఎక్కువ బాధపెట్టే విషయం. కళ్లెం లేని స్వారీ చూసి ఇంత ముచ్చటపడుతున్నాం, మన వీధిలోకి బరాత్‌కి వచ్చిన గుర్రం నోట్లో ఏముందో ఎప్పుడైనా చూశామా? గుర్రానికి ముందుపళ్లకీ దవడపళ్లకీ మధ్య ఖాళీ చోటు ఉంటుంది, కళ్లెం ఇనుము ఉండేది అక్కడే. అక్కడ ఎముక మీద పల్చటి చిగురు తప్ప ఏమీ ఉండదు. నున్నటి ఇనుముని గట్టిగా గుంజినా అక్కడ నొప్పే. అలాంటిది మన దేశంలో చాలాచోట్ల పెళ్లి గుర్రాలకీ టాంగా గుర్రాలకీ ముళ్ల కళ్లెం వేస్తున్నారు, ముళ్లు తేలిన ఇనుము. లాగినప్పుడల్లా పెదవుల మూలలు చిరుగుతాయి, నాలుక కోసుకుపోతుంది. బరువులు లాగే, మోసే జంతువుల పట్ల క్రూరత్వాన్ని నివారించేందుకు కేంద్రం తెచ్చిన 1965 నాటి నిబంధనల్లో, 8వ నిబంధనలోనే, ముళ్ల కళ్లెం వాడకూడదని ఉంది. అరవై ఏళ్లయింది.

మా బంధువుల పెళ్లిలో నేనే చూశాను. ముందు బ్యాండు, పక్కన డీజే బండి, కాళ్ల దగ్గర టపాసులు, మధ్యలో తెల్ల గుర్రం, దాని నోటి నురగ ఎర్రగా ఉంది. గుర్రం తెచ్చినతన్ని పక్కకి పిలిచి కళ్లెం చూపించమంటే చూపించాడు, అదే. "ఇది లేకపోతే డీజే సౌండ్‌కి ఆగదమ్మా" అన్నాడు. అతన్ని తిట్టబుద్ధి కాలేదు, అతనికి వేరే పద్ధతి నేర్పినవాళ్లు లేరు, గుర్రం ఎవరినైనా తొక్కితే డబ్బులు పోయేది అతనివే. కానీ ఆ గుర్రానికి తెలిసిన బ్రేకు నొప్పి ఒక్కటే. రౌతు కూర్చునే తీరుకి ఆగడం, మాటకి ఆగడం దానికి ఎవరూ నేర్పలేదు. అలాంటి గుర్రానికి వీడియోలో చూశామని కళ్లెం తీసేసి పిల్లాణ్ణి ఎక్కిస్తే, ఒక టపాసు పేలితే చాలు, దాన్ని ఆపడానికి ఇంక ఏమీ మిగలదు. నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

కాబట్టి మీ పేపర్లో దీని మీద కూడా ఒక పేజీ వేయండి, ముళ్ల కళ్లెం ఫొటోతో సహా, పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోపే వేస్తే ఇంకా మంచిది. పెళ్లివాళ్లు గుర్రానికి అడ్వాన్స్ ఇచ్చేముందే కళ్లెం చూపించమని అడగాలి, నున్నగా ఉందో లేదో చేత్తో తడిమి చూడాలి, ముళ్లుంటే మార్చమనాలి, మార్చనంటే ఆ గుర్రం వద్దనాలి. డీజే బండిని గుర్రానికి దూరంగా పెట్టించాలి, దగ్గర్లో టపాసులు కాల్చనివ్వకూడదు. అలా చేస్తే సగం బెదురు అక్కడే పోతుంది, ముళ్ల అవసరం ఉందన్న మాటే రాదు. పోలీసులకైనా, జంతు సంక్షేమ సంస్థలకైనా ఫిర్యాదు చేస్తే గుర్రం తెచ్చినతను ఒక్కడే బలవుతాడేమోనని మొహమాటపడేవాళ్లు ముందు అతనితో మాట్లాడండి, మంచి కళ్లెం కొనడానికి నాలుగు డబ్బులు మీరే వేసుకోండి.

పెళ్లి గుర్రాలు తిప్పేవాళ్లు ఎవరైనా సరే, నున్న కళ్లెంకి గుర్రాన్ని ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవాలనుకుంటే మా దగ్గరికి తీసుకురావచ్చు, డబ్బులేమీ తీసుకోను. సాయంత్రం ఆరు తర్వాత క్లాసులు ఉండవు, బరి ఖాళీగానే ఉంటుంది. నా ఫోన్ నంబరు మీ ఆఫీసులో ఇచ్చాను, అడిగినవాళ్లకి ఇవ్వండి.

ఇట్లు,
ఒక గుర్రపుస్వారీ టీచర్,
హైదరాబాద్ శివార్ల నుంచి