కార్నెల్ చార్టర్‌లోని షరతులు మన చట్టంలో ఎందుకు ఉండకూడదు? విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

మన రాష్ట్రంలో ప్రైవేటు విశ్వవిద్యాలయాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అమెరికాను ఉదాహరణగా చూపుతుంటారు. అక్కడి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో ఒకటైన కార్నెల్‌కు ప్రజల ఆస్తిని అప్పగించే ముందు న్యూయార్క్ శాసనసభ ఏయే షరతులు పెట్టిందో తమ దృష్టికి తేవడానికే ఈ లేఖ రాస్తున్నాను.

1862లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన మారిల్ చట్టం కింద, వ్యవసాయం, యంత్రవిద్యలు బోధించే కళాశాలల కోసం న్యూయార్క్ రాష్ట్రానికి సుమారు 9,90,000 ఎకరాలకు సరిపడా భూమి పత్రాలు (వేరే రాష్ట్రాల్లోని ప్రభుత్వ భూమిని ఎంచుకునే హక్కునిచ్చే పత్రాలు) దక్కాయి. వాటిని రెండు సంస్థలకు పంచాలన్న ఆలోచన మొదట ఎజ్రా కార్నెల్‌కే ఉండేది. టెలిగ్రాఫ్ వ్యాపారంలో సంపన్నుడైన ఆయనా, చరిత్ర ఆచార్యుడైన ఆండ్రూ డిక్సన్ వైట్ కూడా అప్పుడు రాష్ట్ర సెనేట్ సభ్యులు. నిధి మొత్తం ఒకే చోట ఉండాలని వైట్ పట్టుబట్టగా, చివరికి కార్నెల్ కొత్త విశ్వవిద్యాలయం కోసం 5,00,000 డాలర్లతో పాటు ఇథకాలోని తన వ్యవసాయ క్షేత్రాన్నీ ఇస్తానన్నారు. పోటీ కళాశాలల పక్షం వహించిన శాసనసభ్యులు ఊరుకోలేదు. జెనిసీ కళాశాలకు ఆయన 25,000 డాలర్లు చెల్లించాలన్న షరతును బిల్లులో చేర్పించారు. ఇటువంటి బేరాలు మనకే ప్రత్యేకం కావన్నమాట.

1865 ఏప్రిల్ 27న గవర్నర్ సంతకంతో చార్టర్, అంటే విశ్వవిద్యాలయ స్థాపన పత్రం, చట్టమైంది. అందులోని షరతులే నా విన్నపానికి ఆధారం. రాష్ట్రంలోని 128 శాసనసభ నియోజకవర్గాల్లో ఒక్కొక్క దాని నుంచి ఏటా ఒక విద్యార్థికి బోధన రుసుము లేకుండా చదువు చెప్పాలి. ఏ మతస్థులైనా, ఏ మతమూ లేనివారైనా పదవులకు సమానంగా అర్హులు. గవర్నర్, శాసనసభ స్పీకర్ వంటివారు హోదారీత్యా ధర్మకర్తల మండలిలో ఉండాలి. దాత వంశంలో వయసులో అందరికంటే పెద్దవాడైన పురుష వారసునికీ మండలిలో ఒక స్థానం ఇచ్చారు కానీ, సంస్థను కుటుంబం చేతిలో పెట్టలేదు.

భూమి సంగతి మరింత ఆసక్తికరం. రాష్ట్రాలన్నీ పత్రాలను ఒకేసారి అమ్మకానికి పెట్టడంతో ధర ఎకరానికి డాలరులో సగానికి కాస్త అటూ ఇటూగా పడిపోయింది. లాభమంతా విశ్వవిద్యాలయానికే చెందుతుందన్న ఒప్పందంతో కార్నెల్ వాటిని తానే కొని, విస్కాన్సిన్‌లో పైన్ అడవులను ఎంచుకుని, పన్నులు కడుతూ అట్టిపెట్టారు. ఆయన భూమి కాజేస్తున్నారని 1873లో శాసనసభలో ఆరోపణ వస్తే, విచారణ జరిపించమని తానే కోరారు. స్వలాభం చూసుకోలేదని కమిషన్ తేల్చింది. 1874లో ఆయన మరణించాక కూడా కొనసాగిన అమ్మకాల వల్ల చివరికి దాదాపు 50 లక్షల డాలర్ల నికర ఆదాయం సమకూరింది. అయితే ఆ అడవుల్లో చాలా భాగం అంతకు ముందు ఒప్పందాల పేరుతో అమెరికా మూలవాసులైన ఓజిబ్వే ప్రజల నుంచి తీసుకున్నదే. ఈ దాతృత్వాన్ని మెచ్చుకునేవారు ఆ సంగతిని విస్మరించకూడదు.

1868 అక్టోబరు 7న 412 మంది విద్యార్థులతో తరగతులు మొదలయ్యాయి. 1872లో హెన్రీ సేజ్ విరాళంతో స్త్రీల ప్రవేశానికి తలుపులు పూర్తిగా తెరుచుకున్నాయి.

మన ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2016లో వచ్చింది. అమరావతిలో రైతులు భూసమీకరణకు ఇచ్చిన నేలలోనూ ఇటువంటి సంస్థలకు కేటాయింపులు జరిగాయి. కాబట్టి, ఇకపై ప్రభుత్వ భూమి పొందే ప్రతి ప్రైవేటు విశ్వవిద్యాలయమూ 175 నియోజకవర్గాల నుంచి ఏటా ఒక్కొక్కరికి ఉచితంగా చదువు చెప్పాలనీ, భూమిపై వచ్చే లాభం సంస్థ మూలనిధికే చేరాలనీ, ఆ లెక్కలను ఏటా శాసనసభ ముందుంచాలనీ చట్టంలోనే చేర్చవలసిందిగా కోరుతున్నాను. ఈ షరతులు కేటాయింపు ఉత్తర్వుల్లో ఉంటే మరో ఉత్తర్వుతో సడలించవచ్చు. చట్టంలో ఉంటే సడలింపు కోసం సభ ముందుకు రాక తప్పదు. వచ్చే సమావేశాల్లో సవరణ బిల్లు ప్రవేశపెట్టే ఉద్దేశం ప్రభుత్వానికి ఉన్నదో లేదో తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు